సెల్ఫీ పడవ

"పడవ పోతంటే దానికి సోకులేటే?" ధర్మ చేతిలోని గీకుడు రేకు విసిరికొట్టాడు.

భార్య రత్నాలు మాత్రం బోర్లించిన తెరచాప పడవ మీద పెచ్చులూడుతున్న పాత రంగు గీకుతూనే ఉంది.

ఎల్లుండి లారీ వస్తుంది. సర్కారు ఆర్డరట, అరకు దగ్గర కొత్తగా పెడుతున్న పార్కుకి పడవను ఎత్తుకుపోతారు. టూరిస్టులు దానికి ఆనుకుని సెల్ఫీలు దిగాలట! రిజర్వాయరు అవతలున్న ఊరికీ ఇవతలున్న రోడ్డుకీ మధ్య తిరిగేది ఆ పడవొక్కటే అన్న సంగతి ఎవడికీ పట్టలేదు. వాళ్ల కూతురు స్వర్ణ అవతలి గట్టున అత్తారింట్లో ఉంది. నెలలు నిండాయి. పడవ లేకపోతే డోలీ కట్టి కొండ చుట్టూ మొయ్యాలి.

"పడవ మీదే కాబట్టి రంగు మీరే వేసుకోండి, డబ్బాలు మేమిస్తాం" అని పార్కు ఆఫీసరు సర్వేశ్వరరావు పెద్ద దయ చూపించాడు. ఇప్పుడు గట్టు మీద నిలబడి సెల్‌ఫోన్లో వీడియోలు చూపిస్తున్నాడు.

"బ్రష్షా, రోలరా, స్ప్రేనా? స్ప్రే అయితే గంటలో పనైపోతుందమ్మా. అద్దంలా వస్తుంది."

"మిషనుకి కరెంటేది సార్? మా పాకలో దీపమే గతి."

"పోనీ రోలరు."

"పలక పలకకీ సందుంది. రోలరు పైపైన దొర్లిపోతాది. సందులో నీరు దిగితే సెక్క కుళ్లిపోతాది. బ్రష్షే మేలు."

"ఇక నీళ్లలోకి దిగేది కాదు కదమ్మా!"

"దిగినా దిగకపోయినా పడవ పడవే సార్."

ఆఫీసరు తెగ ముచ్చటపడి జీపెక్కాడు. ధర్మకి ఒళ్లు మండింది.

"సిగ్గు నేదేటే నీకు? మన స్వర్ణ గుంటకి నొప్పులొత్తే ఏటి సేత్తావు? ఆ ఫొటోలో కూకోబెట్టి అంపుతావా?"

"అరిసింది సాలు. బేగి ఆ గుగ్గిలం అందుకో."

గుగ్గిలంతో సందులు పూడ్చారు. గరుకు కాగితంతో రుద్దారు. రంగు మాత్రం రత్నాలే కలిపింది, రత్నాలే వేసింది. బయటి వైపంతా నీలం. పడవ కొత్తపెళ్లికూతురిలా తయారైంది. ధర్మ దానికి వీపు తిప్పి కూర్చున్నాడు.

లారీ వచ్చింది. కూలీలు భుజాలు ఆనించి, ఉలిక్కిపడి వెనక్కి లాక్కున్నారు. భుజాలన్నీ నీలం. ఆఫీసరు అరచెయ్యి పెట్టి చూశాడు. అంటుకుపోయింది. ప్యాంటుకి తుడుచుకున్నాడు. ప్యాంటూ పోయింది.

"రెండ్రోజులైంది, ఇంకా తడేంటమ్మా?"

"కొండ గాలి సార్. తేమ."

"రేపు మంత్రిగారు దీనికి ఆనుకుని ఫొటో దిగాలి! తెల్లబట్టలు!"

"దిగమనండి సార్. నీలం బాగుంటాది."

ఆఫీసరు చెయ్యి తుడవడానికి నూనె తెద్దామని ధర్మ పాకలోకి వెళ్లాడు. దీపాలకి దాచిన కానుగ నూనె డబ్బా ఖాళీ. ఒక్క చుక్క లేదు. పక్కనే నీలం రంగు కలిపిన పుల్ల, నూనె ఓడుతూ. అంత నూనె తాగిన రంగు ఇక ఆరే పని లేదు. ధర్మ పుల్లని పొయ్యిలోకి తోసి, ఉత్త చేతులతో బయటికొచ్చాడు.

"నూనె అయిపోనాది సార్" అన్నాడు, పెళ్లాం ముఖం చూడకుండా.

"ఛీ! ఆరిందాకా ఇక్కడే ఏడవనివ్వండి. అసలెప్పటికి ఆరుతుంది?"

రత్నాలు ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నీళ్లని ఓసారి కళ్లతో కొలిచింది.

"ఈ నీళ్ల మీద వంతెన కట్టిన మర్నాటికి సార్."