పేరడిగిన పడవ

ఈ అఖాతం ఒడ్డున అబద్ధం కలపకుండా కథ చెప్పేవాణ్ణి నేనొక్కణ్ణే. కావాలంటే ఎవరినైనా అడగండి.

ఇప్పుడు ఇళ్లు వరసకట్టిన ఈ మలుపులోనే, తెల్లవాళ్ల ఓడలు ఇంకా రాని రోజుల్లో, ఒక రాత్రి బురింగ అనే మావాళ్ల ఆడమనిషి చెట్టు బెరడుతో చేసిన పడవలో ఒంటరిగా చేపలకు వెళ్లింది. పడవ మధ్య మట్టిముద్ద మీద చిన్న నిప్పు. చేపలకు ఎరగా గుల్లమాంసం నమిలి నీళ్లలోకి ఉమ్ముతూ, చేపల పాట పాడుతూ గాలం వదిలింది.

ఇంకో గొంతు ఆ పాట అందుకుంది.

పక్కన మరో పడవ. అందులోని నిప్పు వెలుగులో చెల్లెలి ముఖం. పోయిన చలికాలం ఇక్కడే మునిగిపోయిన చెల్లెలు. ఆమె కూడా నమిలి ఉమ్మింది. నీళ్లు చప్పుడు చేయలేదు.

"అదేం గొంతే అక్కా, చేపలన్నీ పారిపోతున్నాయి," అంది, బతికున్నప్పటిలాగే.

బురింగకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"నన్నెవరూ పిలవట్లేదే," అంది చెల్లెలు. " నా పేరు నాకే గుర్తు రావట్లేదు. ఒక్కసారి పిలువు, నీ వెంట నా పాప దగ్గరికొచ్చేస్తా."

పోయినవాళ్ల పేరు మావాళ్లు పలకరు. పలికితే వాళ్లు వెళ్లాల్సిన చోటికి వెళ్లకుండా వెనకాలే వచ్చేస్తారు. ఒడ్డున గుడిసెలో ఆ తల్లిలేని పాప బురింగ పాల కోసం ఏడుస్తోంది. ఆ ఏడుపు ఇద్దరికీ వినిపించింది.

"పిలువే అక్కా."

ఏడుపు ఉన్నట్టుండి ఆగిపోయింది. బురింగ పెదవులు విడిపడ్డాయి.

అబద్ధం కలపనన్నాను కదా, ఒకటి కలిపాను. చెల్లెలి పడవలో నిప్పు నేను కల్పించిందే. నిజానికి అక్కడ నిప్పు లేదు. ముఖం మాత్రం స్పష్టంగానే కనిపించిందట.