రిఫాత్ ఒప్పుకున్న రోజు

"నువ్వే గెలిచావులే షౌకీ. ఇరవయ్యో శతాబ్దంలో మీ సాదత్‌ను మించిన నాయకుడు లేడు," అన్నాడు రిఫాత్, తను తెచ్చిన జామపళ్లు మంచం పక్కన పెడుతూ.

మా ఆయన చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. కైరోలో మా వీధి కాఫీ హోటల్లో ఏళ్ల తరబడి, సాదత్ కంటే ముందు ఈజిప్టును ఏలిన నాసర్ పేరు చెప్పి, మా ఆయనతో వాదిస్తూ బల్లలు గుద్దిన మనిషి ఈ రిఫాత్.

"మరి నాసరో?"

"ఏదోలేరా. నీ అంత తెలివి నాకెక్కడిది?"

మా ఆయన మొహం పాలిపోయింది. నా వైపు తిరిగాడు.

"నవాల్, నిజం చెప్పు. గుండె డాక్టరు నాకు చెప్పకుండా మీ ఇద్దరికీ ఏం చెప్పాడు? ఇంకెన్నాళ్లట?"

"ఏమీ లేదండీ! కొన్నాళ్లు మిమ్మల్ని రెచ్చగొట్టొద్దన్నాడు, అంతే. ఆ మాటే గుమ్మం దగ్గర అన్నయ్యకి చెప్పాను."

"అబద్ధం. వీడు ఓటమి ఒప్పుకున్నాడంటే నా పని అయిపోయినట్టే."

ఇక డాక్టరు మాట పక్కన పెట్టాను.

"తిట్టన్నయ్యా, నీకు పుణ్యముంటుంది."

రిఫాత్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "సాదత్ గొప్పోడేంట్రా? ఆయన సూట్లు కుట్టిన దర్జీ గొప్పోడు!"

మా ఆయన దిండుకు చేరగిలబడి, కళ్లు మూసుకుని, హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"అమ్మయ్య, బతికాను. నవాల్, ఆ జామపళ్లు వీడి మొహాన కొట్టు."