ఎండకు ఎదురుగా

"ఇదేమన్నా కుట్టుమిషనా అక్కా, తొక్కగానే మోగడానికి? పక్కకి జరుగు!"

జట్టు నాయకుడు కెస్టన్ మాటకి, సాధన జరిగే పాన్‌యార్డులో అందరూ గొల్లుమన్నారు. వెర్లిన్ మాత్రం జరగలేదు. రేపే పనోరమా, స్టీల్‌పాన్ జట్ల పెద్ద పోటీ. ముందు వరసలో వాయించాల్సిన పిల్ల చెయ్యి బెణికి కూర్చుంది. ఆ పిల్ల స్టీల్‌పాన్, కర్రలతో వాయించే ఉక్కు డ్రమ్ము, ఖాళీగా ఉంది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదని వెర్లిన్‌కి తెలుసు.

"పాటంతా వచ్చు నాకు. ఒక్కసారి వాయించనివ్వు."

"ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు. ఆ వెనక మేడ మాదే కదా. కిటికీ దగ్గర బట్టలు కుట్టుకుంటూ చూసి నేర్చుకున్నా."

"ఇంట్లో పాన్ ఉందా?"

"లేదు. కుట్టుబల్ల మీద స్వరానికొకటి చొప్పున సుద్దతో గుండ్రాలు గీసుకున్నా. వాటి మీదే కొడతా."

"గట్టు మీద కూర్చుని ఈత నేర్చిందిరోయ్!" అన్నారెవరో. మళ్లీ నవ్వులు.

యార్డు మధ్యలో, జట్టులో అందరికన్నా పెద్దవాడైన ఎగ్‌బర్ట్ వాయించడం ఆపాడు. పడమటి ఎండ ముఖాన కొడుతున్నా రోజూ అటే తిరిగి, కళ్లు చికిలించుకుని వాయించే మనిషి. "ఇటు తిరగవయ్యా, కళ్లు పోతాయి" అని ఏళ్లుగా అందరూ మొత్తుకున్నా వినని మొండిఘటం. నడిచి వచ్చి తన కర్రలు వెర్లిన్ చేతిలో పెట్టాడు.

"కానియ్యమ్మా."

పెద్దాయన మాట కాదనలేక కెస్టన్ పక్కకి తప్పుకున్నాడు.

వెర్లిన్ మొదటి దెబ్బ వేసి ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కుంది. ఇన్నేళ్లూ ఆ చోట చెక్క టక్కుమనేది. ఇవాళ స్వరం పలికింది. తన చేతి కింద! ఒళ్లు ఝల్లుమంది, కళ్లు నిండాయి. ఇంక ఆగలేదు. ఎప్పుడూ ముట్టని పాన్ మీద, ఏ స్వరం ఎక్కడుందో వెతుక్కోకుండా చేతులు పరుగెత్తాయి. నవ్వులు ఎప్పుడో సద్దుమణిగాయి. వెనక వరసలవాళ్లు ఒక్కొక్కరే కర్రలందుకుని ఆమెతో కలిశారు. యార్డంతా ఊగిపోయింది.

పాట ముగిసింది.

"రేపు ముందు వరసలో నువ్వే అక్కా," అన్నాడు కెస్టన్ నెమ్మదిగా.

వెర్లిన్ ఎగ్‌బర్ట్ వైపు తిరిగింది. "క్షమించు బాబాయ్. నీ వెనకనుంచి, నీ భుజాల మీదుగా, నీ చేతులే చూసి నేర్చుకున్నా. అడక్కుండా దొంగిలించా."

"తెలుసమ్మా."

"తెలుసా! మరి కిందికి పిలిచి నేర్పలేదేం?" అన్నాడు కెస్టన్.

"పిలిస్తే బెదిరి కిటికీ మూసేసేదిరా."

"అందుకని ఏ సాయమూ చెయ్యకుండా ఊరుకున్నావా?"

ఎగ్‌బర్ట్ ఎర్రబడ్డ కళ్లు తుడుచుకున్నాడు.

"ఎండకి జడిసి నేను ఇటు తిరిగి వాయిస్తే, ఆ కిటికీలోంచి నా కుడిచెయ్యి ఎడమై కనబడేది కదరా!"