తలుపు దగ్గరగా వేసి వెళ్లు

"సిస్టర్ నాకు నేర్పింది ఒక్కటే, నిజాయితీ," అని అద్దంతో అన్నాడు సూపరింటెండెంటు. అద్దానికి నచ్చినట్టే ఉంది. మంచం మీద కూర్చుని ఆయన చొక్కాకి బొత్తాం కుడుతున్న భార్యకే నచ్చలేదు.

"నిన్న క్రమశిక్షణ అన్నారు. మొన్న సమయపాలన. ఇంతకీ ఆవిడ ఏం నేర్పినట్టు?"

"సోషల్," అన్నాడాయన.

వారం రోజులుగా ఇంట్లో ఇదే గోల. చిన్నప్పటి కాన్వెంటు బడిలో బతుకంతా పాఠాలు చెప్పిన సిస్టర్ పోయింది. సంస్మరణ సభలో మాట్లాడమని ఇప్పటి హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ చేసింది. పోయేముందు సిస్టర్ ఈయన క్లాసులో ఒక్క పేరే చెప్పి, వాడిచేతే మాట్లాడించమందట. ఈ సంగతి ఆయన ఆఫీసులో అందరికీ, కింది వాటా వాళ్లకీ, రాంగ్ నంబరుకి ఫోన్ చేసిన ఒకావిడకీ చెప్పాడు.

చెప్పనిది ఒకటుంది. భార్యకి కూడా.

ఆ ఇంట్లో పదకొండు క్యాలెండర్లున్నాయి. ఖాళీ గోడ కనిపిస్తే ఆయనకి ఊపిరాడదు. మేకు కొట్టి ఏదో ఒకటి తగిలిస్తాడు. మోకాళ్ల నొప్పులకి ఎక్స్‌రే తీయిస్తే అందులో ఏమీ లేదన్నాడు డాక్టరు. "మా ఇంట్లో తేదీలకి కరువు లేదు, ఈయన నొప్పికే కారణం లేదు," అని భార్య చుట్టాల్ని నవ్విస్తుంటుంది.

కారణం ఉంది. సిస్టర్ ఎవరినీ కొట్టేది కాదు. క్లాసులో ఎవరైనా తప్పు చేసి ఒప్పుకోకపోతే తనే మూలకి వెళ్లి, గోడ వైపు తిరిగి మోకాళ్ల మీద నిలబడేది. ఐదో క్లాసులో ఉండగా, ఆవిడ సెలవులన్నీ కూర్చుని కాగితం గుజ్జుతో చేసిన గ్లోబుని, ఎవరూ లేనప్పుడు ఆయన బంతిలా ఒక్క తన్ను తన్నాడు. రెండో తన్నుకి భూగోళం మిగల్లేదు.

ఆ సాయంత్రం సిస్టర్ చాక్‌పీసుల డబ్బా మూతకి గాటు పెట్టి, వరండాలో బల్ల మీద ఉంచింది. చేసినవాళ్లు చీటీ రాసి అందులో వేసి వెళ్లమంది. చెయ్యనివాళ్లు ఊరికే వెళ్లమంది. ఒక్కొక్కళ్లే, నెంబరు ప్రకారం. చెప్పి, గోడ వైపు తిరిగి మోకాళ్లూనింది.

అందరికన్నా పొడుగు గనక ఆయనది ఆఖరి నెంబరు. తోటివాళ్లు 'నలభై రెండు' అనే పిలిచేవాళ్లు. ముందువాళ్లందరూ వెళ్లిపోయేసరికి గదిలో ఆ తెల్లటి వీపూ, తనూ మిగిలారు. మునివేళ్ల మీద గుమ్మం దాటాడు.

"తలుపు దగ్గరగా వేసి వెళ్లు నాన్నా," అంది సిస్టర్, తిరక్కుండానే.

వేశాడు. డబ్బా దగ్గర ఆగాడు. ఆగి, ఇంటికి వెళ్లాడు.

మర్నాడు ఆవిడ, "ఎవరో తెలిసింది. ఇక ఆ మాట వద్దు," అంది. తన బదులు ఎవరు ఇరుక్కున్నారో ఆయనకి అంతుచిక్కలేదు. గోడలున్న ప్రతి గదిలోనూ ఆ సాయంత్రమే గుర్తొచ్చేది. గోడల్లేని గదులు తక్కువ.

అందుకే ఈసారి ప్రసంగం చివరి పేజీలో అంతా రాసుకున్నాడు. చదివేస్తే తీరిపోతుంది.

సభ ఆ ఐదో క్లాసు గదిలోనే పెట్టారు. మూలన సిమెంటు మీద రెండు చోట్ల అద్దంలా నున్నగా అరిగి ఉంది. ఆ గోడకి ఒక్క క్యాలెండరైనా లేదు. ఆయన అటు వీపు పెట్టి నిలబడి, నిజాయితీ గురించి ముప్పావుగంట మాట్లాడాడు. చివరి పేజీ వచ్చింది. ముందు వరసలో భార్య ఫోన్లో వీడియో తీస్తోంది. వీపు వెనక ఎవరో మోకాళ్లు సర్దుకున్నట్టయింది.

"సమయాభావం వల్ల ఇంతటితో ముగిస్తున్నాను," అన్నాడు. ఆయన తర్వాత మాట్లాడేవాళ్లెవరూ లేరు.

చప్పట్లయ్యాక ప్లంబరు వచ్చి భుజం తట్టాడు. అదే క్లాసువాడు. ఇప్పుడు ఆ బడి కుళాయిలు చూస్తుంటాడు.

"ఒరే నలభై రెండూ, బాగా దంచావురా. గ్లోబు సంగతి కూడా ఎత్తుతావనుకున్నా."

"ఏ గ్లోబు?"

"అదేరా, పగిలింది. నేనే అని చీటీ వేశాను కదా ఆరోజు."

"నువ్వెందుకు వేశావు?"

"నేను పగలగొట్టలేదురా బాబూ. ఆవిడ అలా మోకాళ్ల మీద ఉంటే చూడలేకపోయా. నా పేరు చూసైనా లేస్తుందని."

"మరి నిన్నేమీ అనలేదా?"

"ఏమంటుంది? మర్నాడు తల నిమిరింది."

అంటే వీడన్నమాట. వీడే చేశాడనుకుని ఆవిడ కన్నుమూసింది. ముందు జాలేసింది. కాసేపటికి జాలి పోయి తేలికదనమొక్కటే మిగిలింది. ఆయన తిరిగి ఆ గోడ వంక చూశాడు. గోడ గోడలాగే ఉంది. మోకాళ్లు కూడా నొప్పి మానేశాయి. చివరి పేజీని నాలుగు ముక్కలు చేసి జేబులో వేసుకుని, ఆదివారం ఇంటికి భోజనానికి రమ్మని ప్లంబరుకి గట్టిగా చెప్పాడు.

అప్పుడు హెడ్‌మిస్ట్రెస్ వచ్చింది, చేతిలో చాక్‌పీసుల డబ్బాతో. మూతకి గాటు ఉంది.

"సిస్టర్ మీకిమ్మన్నారు సార్. మాట్లాడాకే ఇవ్వాలని రెండుసార్లు చెప్పారు."

"బహుమతా? మరీ చిన్నగా ఉందే," అంది భార్య, ఫోన్ అటు తిప్పుతూ.

మూత తీశాడు. పసుపు తిరిగిన చీటీలు, నెంబరు ప్రకారం పేర్చి ఉన్నాయి. ఒకటో నెంబరు, పెన్సిలు పడిపోయినా ఏడ్చే పిల్లది: 'గ్లోబు పగలగొట్టింది నేనే సిస్టర్.' రెండో నెంబరు, ఆ నెలంతా కాలికి కట్టుతో బడికొచ్చినవాడిది: 'నేనే తన్నాను సిస్టర్.' ప్లంబరుది పదిహేడోది. ఆయన వేళ్లు ఒక్కో చీటీ తీస్తూ పోయాయి, రానురాను నెమ్మదిగా.

నలభై ఒకటో చీటీ కింద డబ్బా అడుగు కనిపించింది.