మైనం ముద్ద

నేను గమ్‌బూట్లు తొడుక్కుంటుంటే మా అమ్మాయి బుగ్గ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"నాన్నా, పళ్ళ క్లిప్పు తీగ గుచ్చుకుంటోంది. చచ్చిపోతున్నా!"

బయట ఒకటే వాన, మెరుపులు. వెంటనే వచ్చి స్తంభం ఎక్కమని కరెంటాఫీసు నుంచి అప్పటికే రెండుసార్లు ఫోను. కుర్చీలో కూర్చున్నవాళ్ళకేం, ఎన్నయినా చెబుతారు.

చేతులు కడుక్కుని టార్చి వేశాను. పళ్ళ డాక్టరమ్మ చెప్పినట్టే దూదితో తడి తుడిచి, శనగగింజంత మైనం నలిపి తీగ కొసకు అద్దాను. వేల ఓల్టుల తీగలు బిగించే నా మోటు వేళ్ళు ఆ చిన్న నోట్లో పట్టడమే కష్టమైంది.

"తగ్గిందా అమ్మా?"

"అక్కడ కాదు, ఇటు."

ఇటూ అద్దాను. పెద్దగా ఉరిమింది. దాని పళ్ళు నా వేలి మీద బిగుసుకున్నాయి.

"ఇంకా లోపల నాన్నా!" కళ్ళనిండా నీళ్ళు. నా పైప్రాణాలు పైనే పోయాయి. మళ్ళీ ఫోను మోగింది.

"పాపకి బాగాలేదు సార్. కాసేపు ఆగండి," అన్నాను.

చివరికి వాన వెలిసింది. అమ్మాయి కిటికీలోంచి ఆకాశమంతా చూసింది. మైనమంతా ఒలిచి నా అరచేతిలో పెట్టింది.

"ఇప్పుడు ఎక్కు నాన్నా. మెరుపులు పోయాయి."