పరిగె బొమ్మ

"ఈ బొమ్మ ఎవరిచ్చారు? సంఘం వాళ్ళేనా?" గోడకున్న కాగితాన్ని లాఠీతో పొడుస్తూ ఎస్సై అడిగాడు.

వజ్రమ్మ తలెత్తలేదు. ఈ నెలలో ఇది మూడో సోదా. తుపాకుల కోసం వెతికిన కానిస్టేబుళ్ళు ఆమె వడ్ల కుండ నేలమీద కుమ్మరించి, జీపు దగ్గరికి వెళ్ళిపోయారు. కోసిన మడుల్లో వారం రోజులు వంగి, రాలిన వెన్నులు ఏరి తెచ్చుకున్న పరిగె వడ్లవి. ఇప్పుడు మళ్ళీ ఏరుతోంది.

"కోరుట్ల దుకాణంల బెల్లం గట్టిన కాయిదం సారూ. మా లెక్కనే పరిగె ఏరుతున్నరని గోడకు అంటువెట్టిన."

ఎస్సై బొమ్మ కింది ఇంగ్లీషు అక్షరాలు చదివాడు. "ఇది ఫ్రాన్సు దేశం. నూరేళ్ళ కిందటిది."

"గాడ గూడ గింతేనా!" వజ్రమ్మ నిట్టూర్చింది. "దొర గూడ ఉన్నడు."

"దొరెక్కడ?"

"గా మూలకు, చెట్టు కింద."

"దొరేనని నీకెలా తెలుసు?"

"అందరు వంగి ఏరుతుంటే, గాయినొక్కడే నిలవడి సూస్తున్నడు గద సారూ."

నడుం పట్టుకుని ఆమె ఎస్సై బూట్ల పక్కనున్న గింజల కోసం వంగింది.

ఎస్సై లాఠీ దించాడు. ఆ గుడిసెలో నిలబడి ఉన్నది తనొక్కడే.