చెక్క విమానం

విమానాల ఫ్యాక్టరీలో వడ్రంగి ఎజ్రాకి రెండు రకాల మనుషులంటే గిట్టదు. ఉలి పట్టడం రాకుండా డ్రాయింగులు గీసే దొరలు ఒకరు. రేకులు కొట్టే విల్ఫ్, వాడి మనుషులు రెండోవారు. ఇద్దరినీ చూసి ఒకేలా మూతి తిప్పేవాడు.

కొత్త జెట్ బాంబరుని రేకుతో చేసేముందు, అదే కొలతలతో చెక్క నమూనా ఒకటి చెయ్యాలి. అది ఎజ్రా పని. ఆ రోజు దాన్ని చూడటానికి లండన్ నుంచి వైమానిక దళం దొరలు దిగారు.

తేలాల్సింది ఒకటే. విమానం కూలేటప్పుడు పైలట్లిద్దరినీ వాళ్ళ కుర్చీలే బయటికి విసిరేస్తాయి. వెనక కూర్చునే ముగ్గురికీ అలాంటి కుర్చీలు పెట్టాలా, తలుపులోంచి దూకితే సరిపోతుందా?

నావిగేటర్ సెడ్రిక్, మరో ఇద్దరు పారాచూట్లు తగిలించుకుని, చెక్క తలుపులోంచి ఒకరి వెనక ఒకరు దూకారు.

పెద్దదొర గడియారం చూశాడు. "తొమ్మిది సెకన్లు! ఇంక కుర్చీలెందుకు, దండగ."

"బ్రహ్మాండంగా ఉంది పెద్దాయనా నీ తలుపు" అన్నాడు సెడ్రిక్, మోకాళ్ళు దులుపుకుంటూ.

"ఇది నా పని కాబట్టి బాబూ. అసలుది విల్ఫ్ గాడు చేస్తాడు. బీన్సు డబ్బాకి మూత వెయ్యడం రాదు వాడికి."

విల్ఫ్ టీ కప్పు దించాడు. "ముందు నీ నోటికి వేస్తా మూత, ముసలోడా."

"వెయ్యి. అదీ వంకరగానే ఉంటుంది."

అందరూ నవ్వారు. సెడ్రిక్ కూడా.

రెండేళ్ళకి అసలు విమానం ఎగిరింది. నాలుగోసారి ఎగిరినప్పుడు బంగాళాదుంపల చేలో కూలింది. పైలట్లిద్దరూ బతికారు. సెడ్రిక్ తలుపులో ఇరుక్కుపోయి దొరికాడు. మిగతా ఇద్దరూ అతని వెనకే ఉన్నారు.

విచారణకి ఎజ్రా చర్చికేసుకునే కోటు తొడుక్కుని వెళ్ళాడు.

"నా తలుపులోంచి కోడిపిల్లల్లా దూకారయ్యా ముగ్గురూ! ఈ రేకు వెధవలు దాన్ని ఇరుకు చేసి చంపేశారు. కొలత చూడ్డం రాని చేతులు!"

విల్ఫ్ తల ఎత్తలేదు. విచారణాధికారి టేపు పట్టుకెళ్ళి, రెండు తలుపులూ కొలుచుకుని వచ్చాడు.

విల్ఫ్ తలుపు డ్రాయింగుకి వెంట్రుకవాసి తేడా లేదు. నాలుగు అంగుళాలు ఎక్కువున్నది, చెక్క పలకలు లోపలికి మొయ్యడానికి అంచు అడ్డొస్తోందని తన చేత్తోనే కోసి, మళ్ళీ పూడ్చడం మరిచిపోయిన ఎజ్రా తలుపు.